మూడు భాగాల నవల సొంతంగా వేసుకుంటే

తెలుగులో రచయిత తన పుస్తకం తనే వేసుకోవడం వింతేమీ కాదు. కవిత్వం, కథల సంపుటాలు చాలామటుకు అలాగే వస్తున్నాయి. "ప్రతులకు" అని ఉన్నచోట రచయిత ఇంటి చిరునామా, దాని కింద సెల్ నంబరు కనిపిస్తే విషయం అర్థమైపోతుంది. అందుకే నా నవల నేనే వేసుకుంటానన్నప్పుడు సలహాలకి కొదవ లేకపోయింది. ఏ ప్రెస్సులో పని శుభ్రంగా ఉంటుంది, ఎవరు డబ్బులు సరిగ్గా ఇస్తారు, ఆవిష్కరణకి ఎవర్ని పిలవాలి, ఎవర్ని పిలవకపోతే కోపమొస్తుంది, అన్నీ చెప్పారు. వాళ్ళందరూ విడి పుస్తకాలు వేసుకున్నవాళ్ళు. నాది మూడు భాగాలు. దాని లెక్కలు వేరు. ఆ సంగతి చెప్పడానికి నాకు తెలిసినవాళ్ళలో ఆ పని చేసినవాళ్ళే లేరు.

కథ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మా నాన్నగారు దుగ్గిరాల లాకుల దగ్గర పనిచేశారు. కొమ్మమూరు కాలవ అక్కణ్ణించి పెదగంజాం దాకా పోయి బకింగ్‌హామ్ కాలవని అందుకుంటుంది. ఒకప్పుడు ధాన్యం, ఉప్పు ఆ దారినే పడవల మీద మద్రాసు దాకా వెళ్ళేవి. అలాంటి ఒక పడవ కుటుంబం మూడు తరాల కథ నాది. మొదటి భాగం 1957లో ప్రకాశం బ్యారేజి దగ్గర ఆగుతుంది. రెండోది 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనతో ముగుస్తుంది. మూడోది పడవలు పోయాక మిగిలిన మనుషులది. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక కూర్చుని రాశాను. అచ్చులో ఏడు వందల పేజీలు దాటుతుందని డీటీపీ అమ్మాయి లెక్కేసి చెప్పింది.

అంతకుముందు ప్రచురణకర్తల్ని అడక్కపోలేదు. ఒకాయన చదివి, బాగుందని చెప్పి, "రెండొందల యాభై పేజీలకి కుదించుకు రండి టీచర్ గారూ, చూద్దాం" అన్నారు. మూడు తరాల్లో ఏ తరాన్ని తీసెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఇంకొకరు వేస్తామన్నారు. ఖర్చంతా నాది, బ్యానరు వాళ్ళది, కాపీల్లో సగం వాళ్ళవి. ఖర్చు నాదే అయినప్పుడు బ్యానరు కూడా నాదే పెట్టుకుంటే పోలా అనిపించింది.

ఒకే సంపుటంగా వేస్తే వెల అయిదారు వందలు పెట్టాలి. పేరు తెలియని రచయిత్రి నవలకి అంత ఎవరిస్తారు? లావు పుస్తకానికి పర్ఫెక్ట్ బైండింగ్, అంటే వెన్నుకి జిగురు అంటించే పద్ధతి, చేస్తే రెండుసార్లు తెరిచేసరికి పేజీలు ఊడి చేతికొస్తాయి, కుట్టు బైండింగ్ అయితే ఖర్చు పెరుగుతుంది. పైగా ఒక్కసారే అంత డబ్బు తీయడం నా పెన్షన్‌కి కుదరదు. మొదటి భాగం అమ్మిన డబ్బుతో రెండోది, రెండోది అమ్మిన డబ్బుతో మూడోది అనుకున్నాం మా వారూ నేనూ. కాగితం మీద ఆ లెక్క చాలా అందంగా ఉండింది.

నాకు బాగా నచ్చిన దశ ప్రెస్సు పనే. విజయవాడలో వేయించాను. డెమ్మీ సైజులో పదహారు పేజీలు కలిపి ఒక ఫారం. పుస్తకం పదిహేను ఫారాలు అంటే 240 పేజీలు. నా మొదటి భాగం 243వ పేజీలో పూర్తయింది. ఇంకో ఫారం వేస్తే పదమూడు పేజీలు ఖాళీ, సగం ఫారం వేసినా అయిదు ఖాళీ. డీటీపీ అమ్మాయి స్క్రీన్ వైపు చూస్తూ, "ఈ ఉత్తరం మొత్తం ఉండాలా మేడం?" అంది. కథలో పడవ నడిపే సరంగు రంగూన్ నుంచి తమ్ముడికి రాసిన ఉత్తరం అది, రెండు పేజీలుంటుంది. నాలుగు రోజులు కూర్చుని రాసుకున్నది. ఉత్తరం ముట్టుకోవద్దు తల్లీ అని, వరసల మధ్య దూరం కాస్త తగ్గించి, మూడు అధ్యాయాల మొదట్లో వదిలిన ఖాళీ సగం చేస్తే సరిపోయింది. పుస్తకం చూసినవాళ్ళెవరూ కనిపెట్టలేదు. నాకు మాత్రం ఆ అధ్యాయాలు తెరిచినప్పుడల్లా గది ఇరుకైనట్టుంటుంది.

భాగాలుగా వేసేటప్పుడు ఇంకో తిరకాసుంది. అట్ట మీద "మొదటి భాగం" అని పెద్దగా వేయాలా వద్దా? వేస్తే, షాపులో చేతిలోకి తీసుకున్న మనిషి "ఓహో, ఇంకా ఉందన్నమాట" అని మెల్లిగా కింద పెట్టేస్తాడు. వేయకపోతే, రెండో భాగం కొనుక్కెళ్ళి చదివినవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి కేకలేస్తారు. ఒక్కో భాగానికి ఒక్కో పేరు పెట్టి, దాని కింద చిన్న అక్షరాల్లో భాగం సంఖ్య, వెన్ను మీద అంకె వేయించాం. రెండో భాగం ముందు రెండు పేజీలు "జరిగిన కథ" రాశాను. వారపత్రికల్లో సీరియల్ చదివి పెరిగినవాళ్ళకి ఆ మాట చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఒక పాఠకురాలైతే "కింద సశేషం అని కూడా వెయ్యాల్సిందండీ" అన్నారు. మూడో భాగానికి వంశవృక్షం కూడా కలిపాను, ఎందుకంటే ఆ ఇంట్లో తాతల పేర్లే మనవళ్ళకి పెట్టారు మరి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు, దాని గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వాళ్ళు ఉచితంగానే ఇస్తారు. రచయితే ప్రచురణకర్త అయినా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏ భాగానికి ఆ భాగానికి విడి నంబరు తీసుకోవాలి. కావాలంటే మొత్తం సెట్టుకి ఇంకొకటి తీసుకోవచ్చు. మార్పుల్లేకుండా మళ్ళీ ముద్రిస్తే పాత నంబరే చెల్లుతుంది. ప్రచురణకర్తవైతే ఇంకో బాధ్యత కూడా నెత్తిన పడుతుంది. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన ముప్పై రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరా లైబ్రరీతో సహా మరో మూడు గ్రంథాలయాలకీ సొంత ఖర్చుతో కాపీలు పంపాలి. చాలామంది పంపరు. నేను పంపాను. కొమ్మమూరు కాలవ కథ కలకత్తాలో ఒక అరలో ఉందంటే ఎవరికి చేదు?

మొదటి భాగం 2019 డిసెంబరుకి వచ్చింది. అయిదు వందల కాపీలు. ఆవిష్కరణ సభ గురించి ఎక్కువ చెప్పను. వక్తలు బాగా మాట్లాడారు, ఇద్దరు పుస్తకం కూడా చదివి వచ్చారు. హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్‌కి నలుగురు రచయితలం కలిసి ఒక స్టాల్ తీసుకున్నాం. జనవరిలో విజయవాడ. బల్ల వెనక నిలబడితే మనుషులు ఎలా కొంటారో కళ్ళారా తెలుస్తుంది. పుస్తకం తీసుకుంటారు, వెనకట్ట చదువుతారు, వెల చూస్తారు, ఆ తర్వాత వెన్ను మీద అంకె చూస్తారు.

"మొత్తం ఎన్ని భాగాలమ్మా?"

"మూడండీ."

"అన్నీ వచ్చాయా?"

"రెండోది వచ్చే ఏడు వస్తుందండీ."

"అయితే అన్నీ వచ్చాక ఒకేసారి తీసుకుంటా."

ఈ సంభాషణ నాకు కంఠస్థం. వాళ్ళనీ అనలేం. మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన నవలలు తెలుగులో ఎన్ని లేవు? కానీ అందరూ అన్నీ వచ్చాకే కొంటే అన్నీ ఎలా వస్తాయి?

షాపుల సంగతి. మామూలుగా వెల మీద 40 శాతం కమీషన్, కాస్త పెద్ద ఎత్తున పంపిణీ చేసేవాళ్ళయితే 50. నా మొదటి భాగం వెల 180. అచ్చుకి కాపీ ఒక్కింటికి డెబ్భై దాకా పడింది. కమీషన్ పోను 108 చేతికి రావాలి, పార్సిల్ ఖర్చు మనదే. ఇదంతా డబ్బు వస్తే. అమ్ముడయ్యాక ఇస్తామనే పద్ధతి మీద తీసుకుంటారు కాబట్టి అమ్ముడయిందో లేదో మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి. చక్కగా ఏడాదికోసారి లెక్క చూసి డబ్బు పంపినవాళ్ళున్నారు. పేరున్న ఒక పంపిణీదారు మాత్రం వంద కాపీలు తీసుకుని రెండేళ్ళు నానబెట్టి, చివరికి అరవై వెనక్కి పంపారు. అట్టలు చెమ్మకి ఉబ్బి లామినేషన్ పొక్కులు లేచింది. మిగతా నలభై గురించి అడిగితే "లెక్కల పిల్లాడు మానేశాడండీ" అన్నారు.

2020 మార్చిలో అన్నీ మూతపడ్డాయి. ఆ ఏడు హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరగలేదు. చిత్రమేమిటంటే నా మొదటి భాగం ఎక్కువగా చదివింది అప్పుడే. కొన్నవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని చదివారు, చదివి ఫోన్లు చేశారు. సొంతంగా వేసుకున్న పుస్తకంలో ఫోన్ నంబరు ఉండటం వల్ల ఎన్ని తలనొప్పులో అంత వైభోగం. రేపల్లె నుంచి ఒక పెద్దాయన మూడు రోజులు వరసగా ఫోన్ చేశారు. చిన్నప్పుడు వాళ్ళ మేనమామ పడవ మీద తిరిగారట. ఎదురుగాలి పెట్టినప్పుడు గట్టు మీద నడుస్తూ పడవని తాడుతో లాగేవాళ్ళు భుజానికి గోనెపట్టా మడత వేసుకునేవాళ్ళని, అయినా తాడు ఒరుసుకుని అక్కడ చర్మం నల్లగా కాయకట్టేదని, ఆ కాయని బట్టి ఊళ్ళో ఎవరు పడవ మనిషో చొక్కా లేకుండా చూస్తే తెలిసిపోయేదని చెప్పారు. నాన్నగారు కూడా నాకిది చెప్పలేదు. రెండో భాగంలో పెళ్ళిచూపుల సీనులో ఆ కాయని వాడుకున్నాను. ఇంకా ఎన్నాళ్ళకి రెండో భాగం అని అడిగి, "నాకు ఎనభై మూడమ్మా, కాస్త చూసుకుని రాయి" అన్నారు. ఏ పబ్లిషరూ అంత గట్టి గడువు పెట్టి ఉండడు.

రెండో భాగం 2022లో వేశాను. ఆ ఏడాది కాగితం ధర ఎలా ఎగిరిందో ప్రెస్సుల వాళ్ళనడగండి. అదే సైజు, దాదాపు అన్నే పేజీలు. కాపీ వంద రూపాయలు పడింది. వెల 240 పెట్టక తప్పలేదు. రెండూ పక్కపక్కన పెట్టి "ఇది నూట ఎనభై, ఇది రెండొందల నలభై, ఎందుకండీ?" అని అడిగినవాళ్ళందరికీ కాగితం కథ చెప్పాను. మొదటిదానికి వాడిన రకం కాగితం దొరకలేదు. అంతే జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు) అన్నారు కానీ వేరే మిల్లుది, కాస్త పల్చగా వచ్చింది, రంగూ తెల్లగా ఉంది. ముఖచిత్రంలో కాలవ నీళ్ళు మొదటిసారి ముదురు నీలంగా పడ్డాయి, ఈసారి పచ్చవైపు తిరిగాయి. బొమ్మ వేసిన ఆర్టిస్టు అదే ఫైలు ఇచ్చారు, ప్లేట్లు మారాయి, మిషను మారింది. మూడో భాగంలో నీళ్ళు మళ్ళీ ఇంకో రంగు. మా చెల్లెలు మూడూ వరసగా పెట్టి చూసి "అక్కా, ఇవి మూడు కాలవలే" అంది. ఎవరైనా భాగాలుగా వేసుకోదలిస్తే, అట్టలు మాత్రం మూడింటివీ ఒకేసారి ముద్రించి దాచుకునే వీలుంటుందేమో ప్రెస్సు వాళ్ళనడగండి. వెన్ను మందం ముందే తెలియాలి కాబట్టి పేజీలు ఖాయం చేసుకోవాలి. అంటే మూడు భాగాలూ రాసి ఉండాలి.

ఇప్పుడు అసలు లెక్కకొస్తాను. మొదటిది కొన్నవాళ్ళందరూ రెండోది కొనరు. సగం మంది కొంటే గొప్ప. కొందరికి నచ్చదు, కొందరికి వచ్చినట్టే తెలియదు. కొందరు మొదటిదే ఇంకా చదవలేదు, వాళ్ళని ఏమంటాం. అందుకని రెండోది తక్కువ వేద్దామంటే ఆఫ్‌సెట్‌లో అది గిట్టదు. ప్లేట్ల ఖర్చు, మిషను ఎక్కించే ఖర్చు మూడొందలకైనా అయిదొందలకైనా ఒకటే. తక్కువ వేస్తే కాపీ ధర పెరుగుతుంది. నాలుగొందలు వేయించాను. మూడోది మూడొందలు. విడి పుస్తకం వేసుకున్నవాళ్ళ బాధ కాపీలు మిగిలిపోవడమే. భాగాలు వేసుకున్నవాళ్ళకి అయిపోవడం కూడా బాధే. మొదటి భాగం అయిపోయిన రోజున, అటక మీద ఉన్న రెండు, మూడు భాగాలు అమ్ముడుపోయే దారి మూసుకుపోతుంది. కొత్త పాఠకుడెవరూ రెండో భాగంతో మొదలుపెట్టడు కదా. మొదటి భాగం అయిపోయిందని నేను స్వీట్లు పంచాను కూడా. మా వారు ఒక స్వీటు నోట్లో వేసుకుని, "మరి పైన ఉన్నవాటి సంగతేంటి?" అన్నారు.

మూడో భాగం 2024 డిసెంబరులో వచ్చింది. సరిగ్గా అప్పుడే రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆగిపోయింది. పుస్తకాలు పోస్టులో పంపుకునే మాలాంటివాళ్ళకి అదే ఆధారం, చవగ్గా పోయేది. కొన్ని నెలలపాటు కొరియర్ చార్జీ విని కొనేవాళ్ళే మొహమాటపడ్డారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్టు వచ్చాక ఊపిరి ఆడింది. 300 గ్రాముల దాకా ఇరవై రూపాయలు, అయిదు కిలోలకి వంద, పైన పన్ను. పుస్తకం మీద అచ్చువేసినవాళ్ళ పేరో ప్రచురించినవాళ్ళ పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. నా పుస్తకం ఒక్కటి 280 గ్రాములు తూగుతుంది. అంచులు నలగకుండా రెండువైపులా అట్ట పెట్టి కవర్లో పెడితే మూడొందలు దాటుతుంది. అందుకని మా వారు వంటింటి త్రాసు ముందు పెట్టుకుని, అట్టకి బదులు న్యూస్‌పేపరు మడతలేసి ఎంత తూగుతుందో చూస్తారు. రిటైరయ్యాక ఆయనకి దొరికిన ఉద్యోగం ఇది. నా పుస్తకాలు అక్షరం చదవలేదు కానీ ప్యాకింగులో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

ఆన్‌లైన్‌లో అమ్మడం అనుకున్నంత కష్టం కాలేదు. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు. పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్ళు జీఎస్టీ నంబరు లేకుండా పాన్‌తోనే సెల్లర్‌గా చేరవచ్చు. మా అమ్మాయి హైదరాబాద్ నుంచే అంతా పెట్టింది. కాకపోతే అక్కడ కొనేవాళ్ళు ముందు మొదటి భాగం కోసం చూస్తారు. "స్టాక్ లేదు" అని కనిపించగానే వెళ్ళిపోతారు.

మొత్తానికి మొదటి భాగం మళ్ళీ వేయక తప్పలేదు. 2019లో టైపు చేసిన ఫైలు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ డీటీపీ అమ్మాయి పెళ్ళి చేసుకుని బెంగళూరు వెళ్ళిపోయింది. కొత్త చోట ఫైలు తెరిస్తే పుస్తకమంతా ఇంగ్లీషు అక్షరాల చెత్త. యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌తో మార్చారు. అక్షరాలు వచ్చాయి కానీ అక్కడక్కడ ఒత్తులు పక్కదానికి తగులుకున్నాయి, కొటేషన్ గుర్తులున్నచోట ఏవేవో వచ్చాయి. 240 పేజీలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా మళ్ళీ ప్రూఫు చూశాను. ఆరేళ్ళ కిందట రాసిన వాక్యాలు కొన్ని దిద్దాలని చేతులు దురదపెట్టాయి. దిద్దితే వరసలు జరుగుతాయి, వరసలు జరిగితే పేజీలు జరుగుతాయి. ఫారాల గొడవ మళ్ళీ మొదలవుతుంది. వదిలేశాను. సరంగు ఉత్తరం మాత్రం ఇప్పటికీ బాగుంది.

ఇప్పుడు ఇంకో అయిదొందలు వేసే ధైర్యం లేదు, ఆ అవసరమూ లేదు. వంద కాపీలు, ప్లేట్ల అవసరం లేని డిజిటల్ ముద్రణలో వేయించాను. కాపీకి నూట యాభై దాటింది. షాపు కమీషన్ ఇస్తే చేతి నుంచి ఎదురు పెట్టుకోవాలి. అందుకని వీటిని షాపులకివ్వలేదు. మూడూ కలిపి సెట్టుగా నేరుగా అమ్ముతున్నాను, ఏడు వందలు, పోస్టేజీ మాదే. మొదటిదాంట్లో ఏమీ మిగలదు. అది కదిలితేనే మిగతా రెండూ కదులుతాయి. ఈ ఆరేళ్ళలో పెట్టినదాంట్లో మూడొంతులు తిరిగొచ్చింది. మిగతాది అటక మీదుంది.

సెట్టుగా తప్ప విడిగా మొదటి భాగం ఇవ్వకూడదని గట్టిగా అనుకున్నాం. పదిహేను రోజులైనా కాలేదు, గుంటూరు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. బుక్ ఫెయిర్‌లో రెండు, మూడు భాగాలు కొన్నారట, చదివేశారట కూడా. "మొదటిది ఒక్కటే కావాలండీ, ఉందా?" అన్నారు. రెండో భాగంతో మొదలుపెట్టే పాఠకుడు ఉండడని ఇందాకే అన్నాను. ఉన్నారు. ఫోన్ పట్టుకుని మా వారి వైపు చూశాను. ఆయన అప్పటికే త్రాసు తీస్తున్నారు.